మేం కొన్న సెకండ్ హ్యాండ్ జూమ్ లెన్సు, మా మామ్మ ఫొటో



తేలినీలాపురం గూడబాతుల ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచి మెసేజీలు ఆగడం లేదు. ఏ కెమెరా, లెన్సు ఎంత, ఎక్కడ కొన్నారు, మాకూ దొరుకుతుందా అని. ఒక్కొక్కరికీ జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నాం. పొడుగైపోయింది, ఏమీ అనుకోకండి. లెన్సు గురించి మొదలుపెట్టి చివరికి మామ్మ దగ్గర తేలాం. ఆ సంగతి వదిలేసి లెన్సు ఒక్కటే చెప్తే సగం దాచినట్టు అవుతుంది.

మేం నలుగురం. ఇద్దరం సీతంపేట కొండల మీద సవర పిల్లలం, ఒకడు కొమరాడ వైపు జాతాపు, ఒక చెల్లి కురుపాం వైపు నుంచి. శ్రీకాకుళంలో చదువుకుంటున్నాం. కెమెరా మాది కాదు. మా సీనియర్ అన్నయ్య ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ తన కేనన్ 1500డి మా చేతిలో పెట్టి, "పాడు చెయ్యకండిరా" అని చెప్పి వెళ్లాడు. దాంతోపాటు వచ్చే చిన్న లెన్సు 18-55 ఒక్కటే ఉండేది. ఫ్రెషర్స్ డేకి, పండగలకి అది చాలు. కానీ చెట్టు మీద పిట్టని తీస్తే చెట్టంతా వచ్చేది, పిట్ట మాత్రం నువ్వుగింజంత ఉండేది. ఫొటో పెద్దది చేసి చూస్తే నువ్వుగింజ కాస్తా మరక అయిపోయేది.

పెద్ద లెన్సుల ధరలు చూసి ఒక నెల ఆ మాటే ఎత్తలేదు. యూట్యూబులో పిట్టల ఫొటోలు తీసేవాళ్లు వాడే 150-600 లెన్సు రెండు కిలోల దగ్గర తూగుతుంది. దాని ధరకి మా ఊళ్లో ఒక జత ఎడ్లు వస్తాయి. తర్వాత తెలిసిందేమిటంటే, పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఇప్పుడు అందరూ మిర్రర్‌లెస్ కెమెరాలకి మారిపోతున్నారు. పాత కెమెరాలకి పనికొచ్చే లెన్సులు వాళ్ల బీరువాల్లో పడి ఉంటున్నాయి. అలా విజయనగరంలో ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర కేనన్ 55-250 ఎస్‌టీఎం దొరికింది. తొమ్మిది వేలు. నలుగురం వేసుకున్నాం. ఒకడు జీడిపిక్కల డబ్బులు, ఒకడు స్కాలర్‌షిప్‌లో మిగిలింది, చెల్లి ట్యూషన్ డబ్బులు. ఎవరిది ఎంత అన్నది ఇక్కడ రాయడం లేదు. అందుకే ఇందులో 'నేను' అని ఎక్కడా ఉండదు. ఈ లెన్సు మీద నలుగురికీ సమానంగా హక్కు ఉంది, తప్పు చేస్తే దాని మీదా అంతే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక మాట. మనది సముద్రం గాలి తగిలే జిల్లా, కొండ మీద వానాకాలమంతా తడే. లెన్సు లోపల బూజు పడుతుంది. ఫోన్ టార్చి ఒక పక్కనుంచి లోపలికి కొట్టి ఇంకో పక్కనుంచి చూడండి. సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. మేం మొదట చూసిన లెన్సు నాలుగు వేలే, కానీ లోపల చిన్న పుట్టగొడుగుల తోటే ఉంది. ఇప్పుడు మాది మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంటుంది. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, తవుడు దుమ్ము లోపలికి పోతుంది.

ఈ లెన్సు బరువు 375 గ్రాములు. కెమెరాతో కలిపినా కిలో లేదు. మెడలో వేసుకుని కొండ ఎక్కితే ఉన్నట్టే అనిపించదు. మనలాంటివాళ్లకి ధర తర్వాత చూడాల్సింది ఇదే అని మా నమ్మకం. రెండు కిలోల లెన్సున్నవాడు కారు ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగుతాడు. మనం అక్కణ్ణుంచే నడక మొదలుపెడతాం.

కొన్నరోజే గంటస్తంభం దగ్గర పరీక్ష పెట్టాం. వీధి చివర నిలబడి గడియారం తీశాం. ముళ్లు, అంకెలు, దాని మీద వాలిన పావురం కూడా వచ్చేశాయి. ఈ కెమెరా సెన్సారు చిన్నది కాబట్టి 250 అంటే పెద్ద సెన్సారు కెమెరాలో 400తో సమానం. అది మంచి సంగతే. అయితే చెయ్యి వణుకు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది. షట్టరు 1/400 కంటే తక్కువ పెట్టకూడదని పుస్తకం లెక్క. లోపల వణుకు ఆపే ఏర్పాటు ఉంది కాబట్టి కదలని వస్తువైతే 1/60కి కూడా మాకు బాగానే వచ్చాయి. కదిలేదాన్ని మాత్రం ఆ ఏర్పాటు ఆపలేదు. మన చెయ్యిని ఆపుతుంది, పిట్టని ఆపదు కదా. ట్రైపాడ్ లేదు, పాత ఫుల్ షర్టు చెయ్యి కోసి, రెండువైపులా కుట్టి, లోపల చోళ్లు పోశాం. గోడ మీదో రాయి మీదో ఆ మూట వేసి కెమెరా ఆనిస్తే కదలదు. హాస్టల్లో ఎలకలు దాన్ని రెండుసార్లు కొరికాయి, అది వేరే కథ.

ఇంక తేలినీలాపురం. డిసెంబరులో తెల్లారగట్ల బస్సుకి టెక్కలి వెళ్లి అక్కణ్ణుంచి ఆటో. ఊరు చూడనివాళ్లకి చెప్పాలంటే, అది అడవి కాదు. ఇళ్ల మధ్యనే, పెరళ్లలోనే చెట్లు, ఆ చెట్ల మీదే గూళ్లు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతాకాలంలో వచ్చి గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకుని మళ్లీ ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. రెట్ట వాసన మామూలుగా ఉండదు. అయినా ఊరివాళ్లు కొట్టరు, తరమరు. అవి వస్తేనే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం. 2021 చివర్లో కడుపులో పురుగులు చేరి గూడబాతులు వరసగా చచ్చిపోయినప్పుడు ఊరంతా ఎలా దిగులుపడిందో ఆటో అన్నయ్య దారంతా చెప్పాడు.

సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పటి నుంచి విన్నాం, టీచర్లు కూడా అలాగే చెప్పారు. ఆ మాట సరికాదు. ముక్కు మీద మచ్చలుండే ఈ గూడబాతు మన దేశం, శ్రీలంక, ఆ చుట్టుపక్కల దేశాల పక్షి. సైబీరియాలో గూడు పెట్టేది కాదు. ఇక్కడికీ అక్కడికీ తిరుగుతూ నీళ్లు, చేపలు ఉన్నచోట గూడు కట్టుకుంటుంది. ఆ మచ్చలు మేం మొదటిసారి చూసింది ఈ లెన్సులోంచే. పై ముక్కు అంచు పొడుగునా వరసగా, పచ్చబొట్టు పొడిచినట్టు ఉంటాయి. కళ్లతో చూస్తే ముక్కు ఒక్కటే కనిపిస్తుంది.

మేం మొదట చెట్టు కిందకే వెళ్లిపోబోయాం. పక్కింటి అమ్మ అరుగు మీంచే కేకేసింది. "ఏటి బాబూ, అలగ కిందకెల్లిపోకండి. తల్లి బెదిరి లేచిపోద్ది, పిల్ల కిందడిపోద్ది. దూరాన్నుంచి తీసుకోండి, మీ దగ్గర అంత గొట్టం ఉంది కదా!" అంది. సిగ్గేసింది. వెనక్కి వచ్చి ముప్పై మీటర్ల దూరంలో గోడ మీద చోళ్ల మూట వేసుకుని కూర్చున్నాం. ఆ దూరానికి 250 దగ్గర గూడబాతు ఫ్రేములో సగానికి పైగా వచ్చింది. పిల్ల తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి చేప లాక్కుంటుంది. మీరందరూ లైకులు కొట్టిన ఫొటో అదే. 1/1000, ఎఫ్ 6.3, ఐఎస్ఓ 400. పొద్దున్న ఎనిమిది లోపు తీసింది.

ఎగిరేవి కూడా దొరికాయి. గూడబాతు పెద్ద ఒళ్లు, నిదానంగా తేలుతుంది కాబట్టి చవక లెన్సుకి కూడా ఫోకస్ అందుతుంది. లకుముకి పిట్ట దగ్గర మాత్రం చేతులెత్తేశాం, నలభై ఫొటోల్లో నీళ్లే వచ్చాయి. మధ్యాహ్నం నౌపడా ఉప్పుమడుల వైపు వెళ్లి ఇంకో పాఠం నేర్చుకున్నాం. ఎండకి నేల మీంచి వేడిగాలి లేస్తుంటే దూరంలో ఉన్న కొంగలన్నీ నీళ్లలో నీడలా వణికిపోతూ వచ్చాయి. లెన్సు పాడైపోయిందనుకుని కంగారుపడ్డాం. మర్నాడు పొద్దున్న చూస్తే బాగానే ఉంది. తప్పు గాలిది. లక్ష రూపాయల లెన్సైనా ఆ టైములో అంతే.

కొమరాడ వైపు వెళ్లిన సంగతి చెప్పాలి, ఎందుకంటే గ్రూపులో ఎక్కువమంది అడుగుతున్నది ఏనుగుల ఫొటోలే. 2018లో ఒడిశా నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆ గుంపు మన మన్యంలో ఏం చేసిందో, దానికి మనం ఏం చేశామో మీకు చెప్పక్కర్లేదు. మనుషులు పోయారు, పంటలు పోయాయి. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులూ పోయాయి. మేం వెళ్లేసరికి మావాడి చిన్నాన్న గారి అరటితోట ముందురోజు రాత్రే నేలమట్టమైంది. మేం కెమెరాలు సర్దుకుంటూ "ఏనుగులు ఎటెళ్లాయి చిన్నాన్నా?" అని అడిగాం. ఆయన మా మొహాలు చూసి, "ఒరే నాయినా, ఏనుగుని తీసీడానికి ఎవుడైనా వస్తాడు. ముందు నా తోట తీయండ్రా" అన్నాడు.

తోట తియ్యడానికి ఈ లెన్సు పనికిరాలేదు. 55 దగ్గర కూడా చాలా ఇరుకు. ఎంత వెనక్కి నడిచినా పది చెట్లకి మించి రాలేదు. చివరికి లొకేషన్ ఆన్ చేసిన ఫోన్‌తోనే తీశాం, గట్టు నుంచి గట్టు దాకా, చిన్నాన్న మధ్యలో నిలబడి ఉండగా. అర్జీకి అవే జతచేశాడు. డబ్బులు ఇంకా రాలేదు.

సాయంత్రం డాబా మీంచి ఏనుగులు కనిపించాయి. మూడువందల మీటర్లు ఉంటుంది. అంత పెద్ద జంతువు ఆ దూరానికి ఫ్రేములో ఏడో వంతు ఎత్తు కూడా రాలేదు. చీకటి పడుతోంది. 250 దగ్గర ఈ లెన్సు ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 2.8 లెన్సులోకి దీనికి నాలుగు రెట్ల వెలుగు వస్తుంది. ఐఎస్ఓ 6400 పెట్టినా వచ్చింది బురద కుప్ప. అప్పుడు మాలో ఒకడు అన్నాడు, "ఇంకో వందడుగులు ముందుకెళ్తే బాగా వస్తాది" అని. చిన్నాన్న మెట్ల దగ్గర అడ్డంగా కూర్చుండిపోయాడు, మమ్మల్ని దిగనివ్వలేదు. ఈ లెన్సులో అసలు ప్రమాదం ఇదే. ఆశ పెట్టేంత దగ్గరికి తెస్తుంది, సరిపడేంత దగ్గరికి తేదు. మిగిలిన దూరం కాళ్లతో నడిపించేస్తుంది. ఏనుగుల కోసం మాత్రం ఇది కొనొద్దు. ఏ లెన్సూ కొనొద్దు.

ఇప్పుడు మామ్మ.

ఫిబ్రవరిలో కొండచీపుళ్ల టైముకి మా ఊరెళ్లాం. మామ్మ ఎదురు వాలులో చీపురు కోస్తోంది. మధ్యలో గెడ్డ. మేం ఇవతల రాయి మీద కూర్చుని 250కి లాగి చూస్తే, పొద్దున్నపు ఎండ పక్కనుంచి ఆవిడ మొహం మీద పడుతోంది. పచ్చబొట్లు, ముడతలు, చెవి రంధ్రాలు, నోట్లో చుట్ట. చీపురు పువ్వులన్నీ ఎండకి వెండిలా మెరుస్తూ వెనక మసకగా కరిగిపోయాయి. ఆవిడ మమ్మల్ని చూడలేదు. మేం అంతవరకూ తీసిన ఫొటోలన్నిట్లో అదే మంచిది, ఇప్పటికీ అదే అనుకుంటున్నాం. సిగ్నల్ దొరికిన చోట నిలబడి అక్కడికక్కడే స్టేటస్ పెట్టేశాం. సాయంత్రానికి ఎవరెవరో తీసుకుని వాళ్ల స్టేటస్‌లో పెట్టుకున్నారు. తెలియని అన్నయ్యొకాయన పోటీకి పంపమని మెసేజ్ పెట్టాడు.

రాత్రి పొయ్యి దగ్గర మామ్మకి చూపించాం. సంతోషిస్తుందనుకున్నాం. చాలాసేపు చూసింది. తర్వాత సవరలో అడిగింది, "ఇది ఎప్పుడు తీశారు?" అని. చెప్పాం. "నేను చూడలేదే. ఎక్కణ్ణుంచి తీశారు?" గెడ్డ ఇవతల నుంచి అని చెప్పాం. "దొంగలాగానా?" అంది.

నవ్వుతూ అందేమో అనుకున్నాం. నవ్వలేదు. మాసిన చీర, చిరిగిన జాకెట్టు, నోట్లో చుట్ట, జుట్టు రేగిపోయి. ఇదా నలుగురికీ చూపించారు అంది. చూడ్డానికి వచ్చేవాళ్లు జలపాతం దగ్గర, వ్యూ పాయింట్ దగ్గర ఇలాగే దూరం నుంచి గొట్టాలు పెట్టి తీసుకుపోతారట. నీళ్లు మోస్తున్నప్పుడు, స్నానం చేసి వస్తున్నప్పుడు కూడా. "వాళ్లంటే నా భాష రాదు, అడగలేరు. మీకేమైంది?" అంది.

మాలో వాదన అయింది, దాచడం లేదు. ఒకడు, "మామ్మకి ఫొటో తెలీదు, సహజంగా ఉంటేనే బాగుంటుంది, చెప్పి తీస్తే బిగుసుకుపోతారు" అన్నాడు. తియ్యడం వరకూ అది నిజమే. చెల్లి ఒప్పుకోలేదు. "హాస్టల్లో నన్ను ఎవరైనా దూరం నుంచి అలా తీసి పెడితే మీరు ఊరుకుంటారా?" అంది. ఎవరం మాట్లాడలేదు. ఆ రాత్రే కొండ దిగి సిగ్నల్ చూసుకుని తీసేశాం. తీసుకున్నవాళ్లకి ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టి తీయించాం. ఇద్దరు ఇంకా తియ్యలేదు. మీలో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే దయచేసి తీసెయ్యండి. ఈ పోస్టు రాయడానికి సగం కారణం అదే.

లైబ్రరీలో థర్‌స్టన్ పుస్తకం చూసినవాళ్లుంటారు, 1909లో వచ్చింది, ఏడు సంపుటాలు. మద్రాసు మ్యూజియం అధికారి. దక్షిణాదిలో కులాలు, తెగలన్నిటి గురించీ రాశాడు, మనవాళ్ల గురించీ ఉంది. మనుషుల తలలు, ముక్కులు కొలిచిన మనిషి. అందులో ఫొటోల కింద ఎక్కువగా కులం పేరో తెగ పేరో ఉంటుంది, మనిషి పేరుండదు. ఆ పుస్తకం చూసినప్పుడు మాకు కోపం వచ్చింది, దాని మీద ఇదే గ్రూపులో పెద్ద పోస్టు కూడా రాశాం. మరి మేం స్టేటస్ పెట్టినప్పుడు దాని కింద ఏం రాశాం? 'సవర మామ్మ, సీతంపేట కొండలు' అని రాశాం. మామ్మ పేరు రాయాలని నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. ఇక్కడ కూడా రాయడం లేదు, కానీ ఇప్పుడు కారణం వేరు. అడిగితే వద్దంది.

మర్నాడు మామ్మే పిలిచింది. తలకి నూనె రాసుకుని, పండగ చీర కట్టుకుని, పెట్టెలోంచి పూసలు తీసి వేసుకుని గోడ ముందు నిలబడింది. ఆధార్ ఫొటోకి నిలబడినట్టు బిర్రుగా. నవ్వమంటే నవ్వలేదు. లెన్సుని 55కి తిప్పి నాలుగు మీటర్ల దూరంలో నిలబడి తీశాం. నిలువు ఫ్రేములో మనిషి పూర్తిగా వచ్చింది. ఈ లెన్సు మనుషుల ఫొటోలకి నిజంగా బాగా పనికొచ్చేది ఈ 55 నుంచి 85 మధ్యలోనే, మొహం సాగదీసినట్టు రాదు. అయితే ఫొటోగా చూస్తే మొదటిదాని ముందు ఇది తేలిపోతుంది. ఎండ నెత్తి మీద ఉంది, గోడ నీడ అడ్డం పడింది. మామ్మ మాత్రం పాలకొండలో కడిగించి ఫ్రేము కట్టించమంది. నూటయాభై అయింది. ఇప్పుడు తాత ఫొటో పక్కనే ఉంది.

ఫొటో అయ్యాక "ఇలా తే, మీరు దీంట్లోంచి ఏం చూస్తున్నారో చూస్తాను" అని కెమెరా తీసుకుంది. ఒక కన్ను మూసుకోవడం రాలేదు, చెల్లి చేత్తో మూసింది. ఎదురుకొండ వైపు తిప్పి 250కి లాగి ఇచ్చాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కసారిగా కెమెరా మా చేతిలో పడేసి గుమ్మం దాటి గట్టిగా అరవడం మొదలుపెట్టింది. మా ఆవు వెళ్లి ఎదురుకొండ మీద ఎవరిదో కందిచేలో మేస్తోందట. మాకు ఆ కొండ మీద గోధుమరంగు చుక్క తప్ప ఏమీ కనిపించలేదు. ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఆవే, కొమ్ము విరిగిన మా ఆవే. ఇద్దరం పరిగెత్తాం.

లెన్సు ప్రస్తుతం హాస్టల్లోనే ఉంది. టెంక పండగకి మీ ఊళ్లో తీసుకోవాలనుకుంటే ముందుగా చెప్పండి, ఇస్తాం. డబ్బులు అక్కర్లేదు. మెమరీ కార్డు మీదే తెచ్చుకోవాలి, సిలికా జెల్ పొట్లాలు డబ్బాలోంచి తీసి పారెయ్యకూడదు. చోళ్ల మూట కూడా ఇస్తాం గాని ఎలకలున్న ఇంట్లో పెట్టకండి.